దావీదు సారు చెప్పని మాట

మాకు ఇంగ్లీషు నేర్పిన దావీదు సారు పోయాక, ఆయన దగ్గర చదువుకున్నవాళ్లం కొందరం కలిసి ఒక చిన్న పుస్తకం అచ్చువేశాం. తలా నాలుగు పేజీలు రాశాం. నా నాలుగు పేజీల్లో ఒకచోట ఇలా రాశాను: "మా అందరిలోకీ ఇంగ్లీషు బాగా వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. చదువు ముగిశాక ఆమె మళ్లీ సారు గడప తొక్కలేదు. సారు మాత్రం చివరిదాకా ఆమె గురించి అడుగుతూనే ఉన్నారు." పేరు రాయలేదు. రాయకపోయినా జమ్మలమడుగులో తెలిసినవాళ్లకు అది ఎవరో తెలుస్తుంది. ఆ మూడు వాక్యాల్లోని సంగతులు జరిగినవే. అయినా ఆ మూడు వాక్యాలూ కలిసి ఒక పెద్ద అబద్ధం. దాన్ని సరిదిద్దడానికే ఇది రాస్తున్నాను.

ఆ అమ్మాయి పేరు ఖైరూన్. పోయిన వేసవిలో పులివెందులలో నేను పాఠాలు చెప్పే జూనియర్ కాలేజీకి వచ్చింది. స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుకుంటున్నాను. తల నెరిసిన ఒకావిడ గుమ్మం దగ్గర నిలబడి, మెడలో తాడుకు వేలాడుతున్న కళ్లద్దాలు పెట్టుకుని నన్ను పరీక్షగా చూసింది. ఎవరైనా పిల్లల తల్లేమో అనుకున్నాను.

"ఏమప్పా ఓబులేసూ, గుర్తు పట్టలేదా? నీ పుస్తకంలో పేరు లేకుండా ఉండేదాన్ని నేనే" అంది.

కూర్చోమన్నాను. కూర్చుని, సంచిలోంచి మా పుస్తకం తీసి బల్లమీద పెట్టింది. నా పేజీ దగ్గర మూల మడిచి ఉంది.

"నిన్ను తిట్టేకి రాలేదు. సారు గడప తొక్కలేదని రాసినావు. నిజమే, తొక్కలేదు. ఎందుకు తొక్కలేదో నీకు తెలుసు. ప్రొద్దుటూరు బడికి సారు ఇచ్చిన సిఫారసు జాబు నీ చేత్తోనే కదా రాసింది. ఆయన చెప్తాంటే నువ్వు రాసినావు. అందులో నా గురించి రాసేకాడ 'సర్‌ప్రైజింగ్లీ' అనే మాట సారు ఎందుకు పెట్టిచ్చినాడు? బతికుండగా అడిగేకి నాకు మొగం చెల్లలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు. నువ్వు ఒగనివే ఉండావు. చెప్పు."

ఆ మాట సారు పెట్టించలేదు. నేను పెట్టాను. ఆరోజు స్టాఫ్ రూములో ఆమెతో ఏమన్నానో తర్వాత చెబుతాను. ముందు సారు ఇంటి సంగతి చెప్పకపోతే ఆ ఒక్క మాటకు ఎందుకింత బరువో చదివేవాళ్లకు తెలియదు.

జమ్మలమడుగులో మిషన్ ఆసుపత్రికి పోయే దారిలో సారు ఇల్లు. రెండు గదులు, ముందర నాపరాళ్లు పరిచిన వరండా. సారు ఆసుపత్రిలో రోగుల కాగితాలు రాసి భద్రపరిచే గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. పని మానేసినా ఆ ఇంటికి ఆసుపత్రి వాసన పోలేదు. ఎస్తేరమ్మ, అంటే సారు భార్య, పొద్దున్నే వరండా రాళ్లను ఫినాయిలు నీళ్లతో కడిగేది. మధ్యాహ్నానికి ఆ వాసన మీదికి తిరగవాత వాసన ఎక్కేది. నాలుగు గంటలకు మేము అయిదుగురం చేరేసరికి బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసేది, లేకుంటే అలసంద గుగ్గిళ్లు. తినకుండా పుస్తకం తెరవనిచ్చేది కాదు. "కడుపులో ఏమీ లేకపోతే ఆ తెల్లోళ్ల మాటలు యాడ నిలుస్తాయిరా" అనేది. సారు పడక కుర్చీలో కూర్చుని, పంచె అంచుతో అద్దాలు తుడుచుకుంటూ మేము తినడం అయ్యేదాకా పేపరు చూసేవారు. చదివిన పేపరును మళ్లీ కొత్తదానిలా మడిచి పెట్టడం ఆయనకు అలవాటు. ఆయన మడిచిన పేపరును ఎస్తేరమ్మ కూడా విప్పేది కాదు.

సారు ఇంగ్లీషు కాలేజీలో నేర్చింది కాదు. ఆయన చిన్న వయసులో ఆసుపత్రిలో ఇంకా కొందరు తెల్ల డాక్టర్లు, నర్సులు ఉండేవారట. వాళ్లు చెబుతుంటే రాసి, రాసి నేర్చుకున్నారు. వాళ్లను చూసి ఆయనకు మొదట్లో ఒక అనుమానం వచ్చిందట, వీళ్లకు అసలు ఆశ్చర్యం అనేది ఉందా లేదా అని. పోతాడనుకున్న బిడ్డ లేచి కూర్చుంటే మన ఆడవాళ్లు ముక్కుమీద వేలేసుకుంటారు, "ఓయమ్మా" అని అరుస్తారు, పక్క మంచాల వాళ్లు కూడా లేచి వస్తారు. ఆ తెల్ల డాక్టరమ్మ మాత్రం కనుబొమ్మ కూడా కదపకుండా, "సర్‌ప్రైజింగ్లీ, బిడ్డ గంజి తాగాడు" అని కాగితంలో రాయించిందట. కట్టు తడపొద్దంటే తడుపుకుని వచ్చిన రైతును చూసి అదే మొహంతో, "నేచురల్లీ, పుండు చీము పట్టింది" అని రాయించిందట. మనం ఒళ్లంతా వాడి చూపించేదాన్ని వాళ్లు వాక్యం మొదట్లో ఒక్క మాటకు అప్పగించేస్తారని, ఆశ్చర్యం లేకపోతే లేదని చెప్పడానికి కూడా ఒక మాట ఉంచుకున్నారని అప్పుడు అర్థమైందని సారు చెప్పేవారు. వాళ్లలో చాలామంది చాలాసార్లు ఏ మాటా పెట్టేవారు కాదట. జరిగింది రాసి ఊరుకునేవారట. అది ఇంకా పెద్ద విద్య అనేవారు.

అందుకని సారు దగ్గర రోజూ ఒక పద్ధతి ఉండేది. పాఠం మొదలుకాకముందు ఒక్కొక్కరం ఊళ్లో జరిగిన ఒక సంగతి ఇంగ్లీషులో చెప్పాలి. ముందర ఇలాంటి మాట ఒకటి పెట్టాలి. పెట్టినవాణ్ణి సారు ఒకటే ప్రశ్న అడుగుతారు: "నువ్వు ఏం అనుకుంటాంటివి?" ఆశ్చర్యపోయామంటే అంతకుముందే మనం ఇంకొకటి అనుకుని ఉన్నామని అర్థం. అది ఏమిటో బయటికి చెప్పాలి. చెప్పగలిగితే మాట ఉంటుంది. చెప్పలేకపోతే కొట్టేయాలి.

ఒకరోజు నేను 'సర్‌ప్రైజింగ్లీ' పెట్టి, ప్రొద్దుటూరు బస్సు టైముకు వచ్చిందని చెప్పాను. అందరూ నవ్వారు, సారు ఆ మాట చెల్లుతుందన్నారు. వెంటనే ఖైరూన్ లేచి, "సర్‌ప్రైజింగ్లీ, ఈ పొద్దు ఓబులేసు కాంపోజిషన్ రాసుకొనొచ్చినాడు" అంది.

"నువ్వు ఏం అనుకుంటాంటివి పాపా?"

"ఇంట్లో మర్చిపోయినా సార్ అంటాడని అనుకుంటి సార్. దినామూ అదే కదా."

"ఏమ్రా, ఆ పాప అనుకునిందాంట్లో తప్పుండాదా?"

"లేదు సార్" అన్నాను. ఎస్తేరమ్మ కూడా లోపలినుంచి నవ్వింది. ఖైరూన్ నాన్న బజారులో దర్జీ. మాది నాలుగెకరాల చెనిక్కాయ పొలం ఉన్న ఇల్లు. ఆమె నన్ను ఎగతాళి చేయడం కంటే, సారు ఆమెను వెనకేసుకు రావడం నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఇది సాకుగా చెప్పడం లేదు. ఉన్నది చెబుతున్నాను.

ఇంకొక రోజు జరిగింది చెప్పకపోతే నేను తెలియక చేశానని ఎవరైనా అనుకుంటారు. రిక్షా తొక్కే కొళాయప్ప కొడుక్కి ఇంటర్లో ఫస్టు క్లాసు వచ్చింది. ఆ సంగతి నేను చెప్పాను, ముందర అదే మాట పెట్టి.

"ఏం అనుకుంటాంటివి?"

"రిక్షా తొక్కేవాని కొడుకు కద సార్."

సారు నన్ను తిట్టలేదు. "ఆ పిల్లోడు ఇప్పుడు యాడుంటాడు?" అన్నారు.

"ఆసుపత్రి గేటు కాడ ఉంటాడు సార్, వాళ్ల నాయన దగ్గర."

"అయితే పో. పోయి ఇదే మాట తెలుగులో చెప్పి రా. 'నీకు ఫస్టు క్లాసు వచ్చిందంటే నాకు శానా వింతగా ఉండాదప్పా, మీ నాయన రిక్షా తొక్కుతాడు కదా' అని వాని మొగం చూసి చెప్పి రా."

పోయాను. అతను సీటు తుడుస్తున్నాడు. నన్ను చూసి, "ఏమన్నా, యాడికన్నా పోవల్లా?" అన్నాడు. లేదని తల ఊపి వెనక్కి వచ్చాను. "చెప్పినావా?" అని సారు అడిగారు. చెప్పలేదన్నాను. "అట్లయితే ఇంగ్లీషులో కూడా చెప్పొద్దు" అని పేపరు పక్కన పెట్టి పాఠం మొదలుపెట్టారు. అంతే. దానిమీద ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు.

డిగ్రీలు అయ్యాక మేమిద్దరం ఒకే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాం. ప్రొద్దుటూరులో ఒక బట్టల వ్యాపారి కొత్తగా ఇంగ్లీషు మీడియం బడి తెరిచాడు. అతని కొడుకు కరెస్పాండెంటు. మద్రాసులో చదివి వచ్చినవాడు, తన ఇంగ్లీషు మీద తనకు గురి. ఒక్క ఇంగ్లీషు టీచరు కావాలి, ఇంగ్లీషు చెప్పిన గురువు దగ్గరనుంచి జాబు తేవాలి అన్నాడు. అప్పటికి సారు రెండు కళ్లకూ పొర కమ్మింది. ఆపరేషన్ ఇంకా కాలేదు. పేపరు ఎస్తేరమ్మ చదివి వినిపించేది, జాబులు నేను రాసిపెట్టేవాణ్ణి, నా చేతిరాత బాగుంటుందని.

ముందు నా జాబు చెప్పారు. కష్టపడతాడు, తప్పు చూపిస్తే దిద్దుకుంటాడు అని. తర్వాత ఖైరూన్‌ది. ఆమె ఇంగ్లీషు తప్పు లేకుండా రాస్తుంది, ఎవరిముందైనా జంకకుండా మాట్లాడుతుంది, నా దగ్గర చదివినవాళ్లలో ఆమె మొదటిది అని. నేను కలం ఆపి, "ముందర ఏమన్నా మాట పెట్టాల్నా సార్?" అన్నాను. "దేనికిరా? అందురికీ తెలిసిందే కదా" అన్నారు. నేను ఆ వాక్యం మొదట్లో 'సర్‌ప్రైజింగ్లీ' అని రాశాను. అక్షరాలు పొందికగానే వచ్చాయి. సారు అలవాటు ప్రకారం ఒకసారి చదివి వినిపించమన్నారు. ఆ మాట వదిలిపెట్టి మిగతాదంతా చదివాను. ఆయన సరే అని, నేను కలం ఆనించిన చోట సంతకం చేశారు. లోపల ఎస్తేరమ్మ జొన్నరొట్టె తడుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. వెళ్లేముందు రొట్టె, ఊరిబిండి పచ్చడి పెట్టింది. తిన్నాను.

ఏళ్ల తరబడి దీన్ని నాలో నేను రకరకాలుగా సర్దుకున్నాను. ఇంగ్లీషు సొగసు కోసం పెట్టానని ఒకసారి, మెప్పుగా ధ్వనిస్తుందనుకున్నానని ఒకసారి. అవేవీ నిజం కాదు. రిక్షా దగ్గరికి పోయి నోరు విప్పలేక తిరిగి వచ్చినవాణ్ణి నేను. ఆ మాట ఏం చేస్తుందో ఆ బడికి దరఖాస్తు పెట్టినవాళ్లలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అది అబద్ధం చెప్పదు. ఒక జాగా ఖాళీగా వదులుతుంది. చదివేవాడు తన మనసులో ముందే ఉన్నదాన్ని తెచ్చి అక్కడ పెట్టుకుంటాడు.

కరెస్పాండెంటు అదే చేశాడు. ఖైరూన్‌ను ముందు పిలిచారు. తలుపు తెరిచే ఉంది. జాబు విప్పి పైకి చదివాడు. మొదటి మాట దగ్గరే ఆగి నవ్వాడు. "ఏమమ్మా, మీ సారే నమ్మలేకపోతున్నట్టున్నారే!" అన్నాడు. ఆమె కూడా నవ్వబోయి ఆగిపోయింది. ఆ తర్వాత ఇంగ్లీషు గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. మీ నాన్న ఏం చేస్తారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, పెళ్లి ఎప్పుడు చేస్తారు, ఇవీ అడిగినవి. నన్ను పిలిచి ఒక పేజీ చదివించి, సోమవారంనుంచి రమ్మన్నాడు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన, నేను వెనక సీట్లో. ఎర్రగుంట్ల వైపు పోయే మనుషులు కొందరు దిగాక వెనక్కి తిరిగి, "సారు నా గురించి అట్ల అనుకుంటాండాడా ఓబులేసూ?" అంది.

"సారు ఏం చెప్తే అది రాసినా" అన్నాను.

ఆమె జమ్మలమడుగులో దిగి, సారు ఇంటి దారిలో కాకుండా బజారు దారిలో నడిచిపోయింది. ఆ శ్రావణ శనివారం మా అమ్మ నన్ను గండి గుడికి తీసుకుపోయింది. ఉద్యోగం వస్తే ఆంజనేయస్వామికి టెంకాయలు కొడతానని మొక్కుకుందట. పాపఘ్ని ఏటి ఇసుకలో కూర్చుని ప్రసాదం తింటుంటే మా అమ్మ నా తల నిమిరి, "నీ కష్టం దేవుడు చూసినాడు నాయనా" అంది.

సారుకు నేను ఉద్యోగం సంగతి చెప్పగానే సంతోషించారు. వెంటనే, "మరి ఆ పాప రాలేదేమబ్బా?" అన్నారు. వాళ్లింట్లో సంబంధాలు చూస్తున్నారని చెప్పాను. మళ్లీ పోయినప్పుడు అడిగారు. పెళ్లయిందన్నాను. నిజంగా అయిందో లేదో అప్పటికి నాకు తెలియదు. ఆపరేషన్ జరిగి చూపు వచ్చాక కూడా, ఎప్పుడు పోయినా వరండాలోకి ఇంకెవరో రావలసి ఉన్నట్టు నా వెనకకు చూసేవారు. ఎస్తేరమ్మకు కోపం. "సదువు అయిపోయినాక మనమెందుకు గుర్తుంటాం లే" అనేది. "అట్లనొద్దు. ఆ పాప అట్లాంటిది కాదు. ఏందో ఉంటాది" అనేవారు సారు. ఆ 'ఏందో' ఆయన ఎదురుగానే కూర్చుని గుగ్గిళ్లు తింటోంది.

ఇప్పుడు నేను పులివెందులలో ఇంగ్లీషు చెబుతున్నాను. ఒక్కో సెక్షనులో అరవైమందికి పైగానే ఉంటారు. పిల్లలు వాక్యం మొదలుపెడితే 'యాక్చువల్లీ' లేకుండా నోరు తెరవరు. 'అబ్వియస్లీ' అని మొదలుపెట్టి ఎవరికీ తెలియనిది చెబుతారు. ఫోనులో ఏ వార్త తెరిచినా ముందు 'షాకింగ్' అని ఉంటుంది. కూరగాయల ధర పెరిగినా అదే, మనిషి చనిపోయినా అదే. దీన్ని తప్పుపట్టడం నాకు తగదు. వాళ్లు ఆ మాటలను గుండీల్లాగా తగిలించుకుంటారు, అంతే. వాటితో ఎవరి పొట్టా కొట్టరు. మేము ఒక్కొక్క మాటను తూచి నేర్చుకున్నాం. తూచడం తెలిసినవాణ్ణి గనకనే నేను ఆ పని అంత నేర్పుగా చేయగలిగాను. సారు దగ్గర అయిదుగురు పిల్లలు, ఒక ప్రశ్న ఉండేవి. నేను ఇన్నేళ్లలో ఒక్క పిల్లవాణ్ణి కూడా ఆ ప్రశ్న అడగలేదు. టైము లేదని అనుకునేవాణ్ణి. అడిగే అర్హత లేక అడగలేదని ఇప్పుడు అనుకుంటున్నాను.

స్టాఫ్ రూములో ఖైరూన్ జవాబుకోసం చూస్తోంది. ఇంకొకసారి "సారు ఏం చెప్తే అది రాసినా" అంటే సరిపోయేది. పోయినాయన వచ్చి కాదనడు. ఆ వాక్యం నా నాలుక దాకా వచ్చిందని ఒప్పుకుంటున్నాను.

"ఆ మాట సారుది కాదు. నాది" అన్నాను. "ఏమన్నా పెట్టాల్నా అని అడిగితే, దేనికిరా, అందురికీ తెలిసిందే కదా అన్న్యాడు. నేనే పెట్టినా."

"సారు చదివిచ్చుకుంటాడు కదా ప్రతి జాబూ?"

"ఆ మాట ఇడిసిపెట్టి చదివినా."

"అంటే సారుకు తెలీదు."

"తెలీదు."

"ఆ పొద్దు బస్సులో నిన్ను అడిగినా కదా."

నేను చేతిలోని కలానికి మూత పెట్టాను.

"ఉద్యోగం సంగతి ఇడిసిపెట్టు" అంది. "రెండేండ్లకే నాకు గవర్మెంటు బడిలో వచ్చె. ఇంగ్లీషు అడిగింటే ఇచ్చేవాళ్లే. అడగల్యా. లెక్కలు తీసుకున్యా. చెప్పిన సారుకే నమ్మకం లేని ఇంగ్లీషు నేను పిల్లోళ్లకేం చెప్తా అని. ఇన్నేండ్లు లెక్కలే చెప్పినా. మా ఇంట్లో పిల్లోళ్లకు కూడా ఇంగ్లీషు చెప్పల్యా, ట్యూషన్‌కు పంపిస్తి." అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "సారు నా గురించి అడిగినాడని రాసినావే. ఎన్ని తూర్లు అడిగినాడు?"

"పోయినప్పుడల్లా."

"పోయినప్పుడల్లా" అని ఆమె ఆ మాటను మెల్లగా పైకి అంది. తర్వాత పుస్తకం నా వైపు తోసింది. "దీంట్లో నన్ను ఇశ్వాసం లేనిదాన్ని చేసి అచ్చేసినావు. ఇప్పుడు ఇది కూడా రాయి. నా పేరు పెట్టు, నీ పేరు పెట్టు. రాసినాక నాకు చదివి వినిపియ్యి. ఈసారి ఏ మాటా ఇడిసిపెట్టొద్దు."

టీ తెప్పిస్తానన్నాను. వద్దని లేచింది.

పై భాగమంతా రాసి, పోయిన నెల ఫోనులో ఆమెకు చదివి వినిపించాను. మధ్యలో రెండుచోట్ల ఆపింది. ఇన్నేళ్లు ఇది నా మనసులో ముల్లులా ఉందని, నాకు నిద్ర పట్టేది కాదని ఒక పేరా రాసుకున్నాను. "అది తీసెయ్. నువ్వు పండుకున్యావో ల్యాదో ఎవురికి గావల్ల?" అంది. తీసేశాను. స్టాఫ్ రూము దగ్గర, ఆశ్చర్యంగా ఆమె ముఖంలో కోపం లేదు అని రాశాను. "అది కూడా తీసెయ్. కోపం ఉండె. నీకు కనపల్లేదు" అంది. అదీ తీసేశాను. మిగతాది ఉండనిమ్మంది.

ఎస్తేరమ్మ ఇంకా ఉంది. అదే ఇంట్లో, ఆసుపత్రిలో నర్సుగా చేసే మనవరాలితో ఉంటోంది. ఇది ప్రింటు తీసి ఆమెకు పోస్టులో పంపుతానని ఖైరూన్‌తో అన్నాను. "పోస్టు వద్దు. నాకు ఇయ్యి. నేనే ఎత్తుకొని పోతా" అంది. నేను కూడా రావాలా అని అడిగాను. వద్దంది.

పోయిన ఆదివారం ఖైరూన్ వెళ్లింది. సాయంత్రం ఫోను చేసింది. కాగితాలన్నీ ఎస్తేరమ్మకు తనే చదివి వినిపించానని, పొద్దున పోయినదాన్ని చీకటిపడే ముందు గాని కదలనివ్వలేదని చెప్పింది. మళ్లీ ఆదివారం కూడా రమ్మందట. నా గురించి ఎస్తేరమ్మ ఏమందని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.